ఓడ కొయ్య ఊరు దాటేదెలా? ఒక పొడవాటి దుంగ చెప్పే చరిత్ర

ఈ భాగంలో ఒక దుంగ గురించి మాట్లాడుకుందాం. రాజులూ యుద్ధాలూ మధ్యలో వస్తారు, పోతారు. కథానాయకుడు మాత్రం దుంగే.

1909 డిసెంబర్ 15న అమెరికా ఈశాన్య మూలన, మెయిన్ రాష్ట్రంలోని బాత్ అనే ఊళ్లో పెర్సీ అండ్ స్మాల్ అనే కంపెనీ ఒక ఓడను నీళ్లలోకి దించింది. దాని పేరు వయోమింగ్. చెక్కతో కట్టిన ఓడల్లో ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. బొగ్గు మోయడానికి కట్టారు. దానికి ఆరు మాస్టులు. మాస్ట్ అంటే మన భాషలో తెరచాప కొయ్య. పడవ మధ్యలో నిలువుగా నిలబెడతారు చూడండి, అది. ఈ ఓడలో ఒక్కో కొయ్య కింది భాగమే 120 అడుగులకు పైమాట. అంటే సుమారు పన్నెండంతస్తుల మేడ ఎత్తు.

ఆ కొయ్యలు ఎక్కడివి? అమెరికాకు ఆ చివర, పసిఫిక్ తీరంలో పెరిగిన ఒరెగాన్ పైన్ చెట్లవి. డగ్లస్ ఫర్ అని కూడా అంటారు. సుమారు 5,000 కిలోమీటర్ల దూరం రైలు మీద ప్రయాణం చేసి వచ్చాయి.

ఇందులో వింత ఏముంది అంటారా? ఉంది. అంతకు రెండు వందల ఏళ్ల ముందు ఇదే తీరం నుంచి, ఇదే అడవుల నుంచి, బ్రిటిష్ నౌకాదళానికి అతి పెద్ద తెరచాప కొయ్యలు వెళ్లేవి. అలాంటి చోటు ఇప్పుడు దేశం ఆ చివరి నుంచి కొయ్యలు తెప్పించుకుంటోంది. మామిడితోట ఉన్నవాడు సంతలో కాయలు బేరమాడుతున్నట్టు ఉంది కదా. ఎందుకిలా అయింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే మనకు తెలిసేది చెట్టు కథ కన్నా దారి కథ.

ముందుగా ఒక చిన్న విషయం స్పష్టం చేసుకుందాం. తెరచాప కొయ్యకు అంత పొడవు ఎందుకు? ఓడ ఎంత పెద్దదైతే దాన్ని నెట్టడానికి అంత ఎక్కువ గాలి కావాలి. ఎక్కువ గాలి పట్టాలంటే పెద్ద తెరచాప కావాలి. దాన్ని ఎత్తుగా నిలపాలంటే పొడవాటి కొయ్య కావాలి. ఆ కొయ్య తుఫానులో వంగాలి, విరగకూడదు. బరువు మరీ ఎక్కువైతే ఓడ ఒరిగిపోతుంది. అంటే పొడవుగా, తిన్నగా, తేలిగ్గా, సాగేగుణంతో, ముళ్లూ తొర్రలూ లేకుండా ఉండాలి. ఇన్ని గుణాలున్న చెట్టు అడవంతా గాలించినా అరుదుగా దొరుకుతుంది.

మన ఊళ్లలో గుడికి కొత్త ధ్వజస్తంభం నిలపాలనుకున్నప్పుడు పెద్దలు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. నారేప మానో, టేకు మానో వెతుకుతారు. వంకర ఉండకూడదు, తొర్ర ఉండకూడదు, పగులు ఉండకూడదు. నచ్చిన మాను దొరికాక అసలు తిప్పలు మొదలవుతాయి. అడవిలోంచి రోడ్డుకు ఎలా తేవాలి? ఊళ్లోకి వచ్చాక సందు మలుపు ఎలా తిప్పాలి? ముప్పై నలభై అడుగుల మానుకే ఇంత హడావిడి. ఇప్పుడు 120 అడుగుల మాను ఊహించుకోండి. అది కూడా లారీ లేదు, క్రేన్ లేదు, తారు రోడ్డు లేదు.

బ్రిటిష్ నౌకాదళం పెద్ద కొయ్యలకు ఒక లెక్క పెట్టుకుంది. మొదట్లో ఎన్ని అంగుళాల మందం ఉంటే అన్ని గజాల పొడవు. 36 అంగుళాల మందం ఉంటే 36 గజాలు, అంటే 108 అడుగులు. అన్నిటికన్నా పెద్ద యుద్ధనౌకకు మధ్య కొయ్య 40 అంగుళాల దాకా కావాలి. ఇంగ్లండులో అలాంటి పైన్ చెట్లు లేవు. బాల్టిక్ తీరం నుంచి, ముఖ్యంగా రీగా రేవు నుంచి తెచ్చుకునేవాళ్లు. కానీ బాల్టిక్ సముద్రానికి ద్వారం డెన్మార్క్ చేతిలో ఉంది. 1652లో డచ్చివాళ్లతో యుద్ధం వచ్చింది. డెన్మార్క్ డచ్చివాళ్ల పక్షాన నిలిచి ఆ ద్వారం మూసింది. కొయ్యలు లేకపోతే ఓడలు లేవు, ఓడలు లేకపోతే ఇంగ్లండు లేదు. అప్పుడు వాళ్ల చూపు అట్లాంటిక్ అవతలికి, న్యూ ఇంగ్లండ్ అడవుల మీదికి మళ్లింది. అక్కడ తెల్ల పైన్ చెట్లు ఆకాశాన్ని అంటుతూ ఉన్నాయి.

ఈ కొయ్యల మీద వాళ్లు ఎంతగా ఆధారపడ్డారో శామ్యూల్ పెపీస్ డైరీ చూస్తే తెలుస్తుంది. ఆయన నౌకాదళ కార్యాలయంలో పెద్ద ఉద్యోగి. 1666 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లండ్ నుంచి నాలుగు ఓడలు కొయ్యలతో క్షేమంగా చేరాయని కబురు వస్తే, దేవుడి దయ అన్నంతగా ఊపిరి పీల్చుకున్నాడు. ఇంకేం లోటు లేకపోయినా ఈ ఒక్క లోటుతోనే వచ్చే ఏడాది చేతులెత్తేయాల్సి వచ్చేదని రాసుకున్నాడు.

సరే, ఇప్పుడు అడవిలోకి వెళ్దాం. చెట్టు కొట్టడం ఒక పనే, కానీ కష్టమంతా ఆ తర్వాతే. అంత ఎత్తు చెట్టు నేల మీద పడితే ఆ దెబ్బకే పగిలిపోతుంది. పగిలితే తెరచాప కొయ్యగా పనికిరాదు. అందుకని అది పడే చోట చిన్న చెట్లు కొట్టి పరుపులా పరిచేవాళ్లు. చలికాలంలో అయితే మంచు కూడా మెత్తగా పట్టుకునేది. పడ్డాక కొమ్మలు చెక్కి దుంగ తయారుచేసేవాళ్లు. లెక్క వేసి చూస్తే అలాంటి పెద్ద దుంగ 15 టన్నుల దాకా తూగుతుంది.

దాన్ని లాగేది ఎడ్లు. 1687లో శామ్యూల్ సీవాల్ అనే ఆయన ఈ దృశ్యం కళ్లారా చూసి డైరీలో రాశాడు. ఈయనే తర్వాత సేలం మంత్రగత్తెల విచారణలో న్యాయమూర్తుల్లో ఒకడు. ఆయన చూసింది 26, 28 అంగుళాల మందం ఉన్న మధ్యరకం కొయ్యే. దానికి ముందు 32 జతల ఎడ్లు, పక్కన మరో నాలుగు జతలు. మొత్తం 72 ఎడ్లు! ఒక్క దుంగకు! మన దగ్గర జాతరల్లో బండలాగుడు పోటీకి ఒక జత ఎడ్లు దిగితేనే ఊరంతా గుమిగూడుతుంది. 72 ఎడ్లను ఒకే తాడున, ఒకే అడుగులో నడిపించడం అంటే ఎంతమంది మనుషులు, ఎన్ని కేకలు, ఎంత దుమ్ము!

ఇందులో ఘోరమైన సంగతి ఒకటుంది. దారిలో దిబ్బ వస్తుంది. ముందున్న ఎడ్లు దిబ్బ ఎక్కి అవతలి వైపు దిగుతుంటాయి. దుంగ ఇంకా ఇవతలి వైపే ఉంటుంది. మధ్యలో గొలుసు బిగుసుకుని పైకి లేస్తుంది. దాంతోపాటు మధ్య ఎడ్లు కాడితో సహా గాల్లోకి లేచి, మెడలు బిగిసి చచ్చిపోయిన సందర్భాలున్నాయి. ఇక దిగుడులో దుంగ తోసుకొచ్చి ముందు ఎడ్లను తొక్కేయకుండా కొన్ని జతల్ని వెనక కట్టేవాళ్లు. అవే బ్రేకులన్నమాట.

మరి మలుపులు? 100 అడుగుల దుంగ మలుపు తిరగదు. దుంగ వంగకపోతే దారే తిన్నగా ఉండాలి. అందుకని అడవిలోంచి నది ఒడ్డు దాకా వీలైనంత తిన్నగా దారులు కొట్టారు. వాటికి మాస్ట్ రోడ్లు అని పేరు. న్యూ హాంప్‌షైర్‌లో ఇప్పటికీ కొన్ని ఊళ్లలో మాస్ట్ రోడ్ అనే వీధి ఉంది. మెయిన్‌లో ఫ్రీపోర్ట్ దగ్గర మాస్ట్ ల్యాండింగ్ అనే చోటుంది. దుంగలు పోయాయి, ఎడ్లు పోయాయి, పేర్లు మిగిలాయి. మన దగ్గర చెరువు ఎండిపోయి కాలనీ వచ్చినా చెరువుకట్ట అనే పేరు మిగిలినట్టే.

రేవు చేరాక ఇంకో చిక్కు. మామూలు ఓడలో ఇంత పొడవాటి సరుకు ఎలా ఎక్కిస్తారు? పైనుంచి దించితే లోపల వంచలేరు. అందుకని ప్రత్యేకంగా మాస్ట్ షిప్పులు కట్టారు. వాటి వెనక భాగంలో తలుపులుంటాయి. నీళ్ల మీద తేలుతున్న కొయ్యను ఆ తలుపులోంచి సూదిలో దారం ఎక్కించినట్టు లోపలికి తోసేవాళ్లు. యుద్ధకాలంలో ఈ ఓడలకు యుద్ధనౌకలు కాపలాగా వెళ్లేవి. ఇంగ్లండు చేరాక కొయ్యల్ని చెరువుల్లో ముంచి దాచేవాళ్లు. ఎండలో పెడితే ఎండి పగులుతాయి, వాటిలోని జిగురు పోతుంది. నీళ్లలో ఉంటే ఏళ్ల తరబడి చెడవు.

ఇప్పుడు డబ్బు సంగతి చూద్దాం. అడవిలో చెట్టుకు ఖరీదు దాదాపు లేనట్టే. కానీ ఎడ్లు, మనుషులు, దారులు, ప్రత్యేకమైన ఓడ, సముద్రం మీద వారాల తరబడి ప్రయాణం. ఇవన్నీ కలిపితే బాల్టిక్ సరుకుతో పోల్చినప్పుడు అమెరికా సరుకు రవాణా బాగా ఎక్కువ పడుతుంది. దీనికి బ్రిటిష్ పార్లమెంటు 1705లో ఒక చట్టం చేసింది. అమెరికా నుంచి వచ్చే తెరచాప కొయ్యలకు టన్నుకు ఒక పౌండు చొప్పున ప్రోత్సాహక సొమ్ము ఇస్తామంది. తారుకు, జనపనారకు ఇంకా ఎక్కువ. ఒక్క మాటలో, రవాణా సబ్సిడీ. మూడు వందల ఏళ్ల నాటి మాట ఇది.

కానీ ప్రభుత్వం ఒక చేత్తో సొమ్ము ఇస్తూ ఇంకో చేత్తో చెట్లు లాక్కుంది. 1691లో మసాచుసెట్స్‌కు ఇచ్చిన శాసనంలో ఒక షరతు పెట్టారు. నేల నుంచి 12 అంగుళాల ఎత్తున 24 అంగుళాలు, అంతకుమించి మందం ఉన్న చెట్టు, అప్పటికే ప్రైవేటు వ్యక్తులకు ఇచ్చిన భూమిలో లేకపోతే, రాజుగారిది. అనుమతి లేకుండా కొడితే 100 పౌండ్ల జరిమానా. ఆ రోజుల్లో అది మామూలు రైతుకు చాలా పెద్ద సొమ్ము. 1711లో, 1722లో మరిన్ని చట్టాలు వచ్చి ఈ పట్టు ఇంకా బిగిసింది. రాజుగారి మనిషి వచ్చి గొడ్డలితో చెట్టు మీద మూడు వేట్లు వేసేవాడు. బాణం మొనలా ఉండే ఆ గుర్తు పడితే చెట్టు చేజారినట్టే.

అక్కడి రైతు వైపు నుంచి చూడండి. ఆ అడవి కొట్టి పొలం చేసుకుందామనుకున్నాడు. తన ఇంటికి పలకలు కోసుకుందామనుకున్నాడు. తీరా చూస్తే మంచి మాను ప్రతిదాని మీద రాజుగారి బాణం గుర్తు. పాత ఇళ్లలో నేల పలకలు ఎందుకు 23 అంగుళాల వెడల్పు దగ్గర ఆగిపోతాయో తెలుసా అని అక్కడ ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. 24 అయితే జైలు కదా మరి! కథ సంగతి ఎలా ఉన్నా, దాని వెనక కడుపుమంట మాత్రం నిజం.

ఆ మంట 1772 ఏప్రిల్‌లో పైకి వచ్చింది. న్యూ హాంప్‌షైర్‌లో వేర్ అనే ఊరు. గుర్తు పడాల్సిన దుంగలు రంపపు మిల్లుల్లో దొరికాయని జరిమానాలు వేశారు. ఎబెనెజర్ మడ్జెట్ అనే మిల్లు యజమాని కట్టనన్నాడు. అతన్ని పట్టుకోవడానికి బెంజమిన్ వైటింగ్ అనే షెరీఫ్ తన సహాయకుడితో వచ్చి ఆ రాత్రి ఊళ్లో సత్రంలో బస చేశాడు. తెల్లవారుజామున ముఖాలకు మసి పూసుకున్న ఇరవై మందికి పైగా జనం గదిలోకి చొరబడ్డారు. వివాదంలో ఉన్న ఒక్కో చెట్టుకు ఒక్కో దెబ్బ చొప్పున బెత్తాలతో బాదారు. గుర్రాల చెవులు, జూలు, తోకలు కత్తిరించి, వాళ్లను ఎక్కించి తరిమేశారు. తర్వాత కేసు నడిచింది, ఎనిమిది మందికి శిక్ష పడింది. ఏం శిక్ష? తలా 20 షిల్లింగులు. కోర్టు కూడా ఎటు వైపుందో దీన్నిబట్టే తెలుస్తోంది. దీన్ని పైన్ ట్రీ రయట్ అంటారు. మనకు బాగా తెలిసిన బోస్టన్ టీ పార్టీ జరిగింది దీని తర్వాత ఏడాదిన్నరకు, 1773 డిసెంబర్‌లో. టీ కన్నా ముందు చెట్టు!

1775లో యుద్ధం మొదలయ్యాక అమెరికన్లు కొయ్యలు పంపడం ఆపేశారు. 1926లో రాబర్ట్ ఆల్బియన్ అనే చరిత్రకారుడు అడవులకూ నౌకాబలానికీ ఉన్న సంబంధం మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆ యుద్ధంలో బ్రిటన్ ఓడలు బలహీనపడటానికి కొయ్యల కొరత ఒక కారణమని ఆయన వాదన. తర్వాతి చరిత్రకారులు, కొరతను ఆయన కొంచెం పెద్దది చేసి చూపించాడన్నారు. ఎందుకంటే రీగా కొయ్యలు వస్తూనే ఉన్నాయి. పైగా బ్రిటన్ ఇంకో ఉపాయం పట్టుకుంది.

ఆ ఉపాయం దగ్గరకు వచ్చేముందు ఒకసారి యూరప్ చూసొద్దాం. రీగా కొయ్యలు రీగాలో పెరిగినవి కావు. లోతట్టు అడవుల్లో, ఇప్పటి బెలారుస్, ఉక్రెయిన్ వైపు నరికినవి. చలికాలంలో మంచు మీద ఈడ్చి నది ఒడ్డుకు చేర్చి, వసంతంలో మంచు కరిగి నీళ్లు పెరిగాక తెప్పలుగా కట్టి వదిలేవాళ్లు. కొన్ని కొయ్యలకు ఒక నది నుంచి ఇంకో నదికి మారి, రేవు చేరేసరికి రెండేళ్లు పట్టేది. రెండేళ్లు! అయినా అదే చవక. ఎందుకంటే నది జీతం అడగదు, గడ్డి మేయదు.

ఫ్రాన్సుకు ఆ అదృష్టం లేదు. వాళ్లకు మంచి ఫర్ చెట్లు పిరనీస్ కొండల పైన ఉన్నాయి. కింద నది ఉంది. మధ్యలో నిలువు లోయ. 1772లో, అంటే పైన్ ట్రీ రయట్ జరిగిన ఏడాదే, పాల్ మరీ లెరోయ్ అనే ఇంజనీరు ఆస్ప్ లోయలో నిలువు బండరాతిని తొలిచి కొండ పక్కన దారి వేయించాడు. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క అగాధం. కిలోమీటరుకు కాస్త పైన పొడవు. ఆ దారి మీదుగా మానుల్ని దించి, నదిలో వేసి, బయోన్ రేవు వైపు పంపేవాళ్లు. ఇంతా చేసి కొన్నేళ్లకే అక్కడి అడవి పని ఆగిపోయింది. ఇప్పుడు ఆ దారిలో ట్రెక్కింగ్ చేసేవాళ్లు నడుస్తున్నారు. కొయ్యల దారి అనే అర్థం వచ్చే పేరు మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు బ్రిటన్ ఉపాయానికి వద్దాం. ఒకే పెద్ద మాను దొరకడం, మోయడం కష్టం. అలాంటప్పుడు చిన్న మానుల్ని కలిపి పెద్ద కొయ్య చేయలేమా? మధ్యలో ఒక నడిమి కొయ్య, చుట్టూ పక్క ముక్కలు, ఒకదానిలో ఒకటి ఇమిడేలా చెక్కి, పైన ఇనప పట్టీలు, తాళ్లు బిగించి కట్టేయడం. దీన్ని మేడ్ మాస్ట్ అనేవాళ్లు. ఈ పద్ధతి ఫ్రాన్సువాళ్లు ముందే వాడుతున్నారు. కొన్నాళ్లకు పెద్ద ఓడల్లో ఇదే మామూలైంది. ఒకే మాను ఉండాలన్న పట్టుదల వదిలేస్తే రవాణా కష్టం సగానికి సగం తగ్గిపోతుందని వాళ్లకు అర్థమవ్వడానికి ఒక వలసరాజ్యం చేజారాల్సి వచ్చింది.

మన వైపు సంగతి కూడా చెప్పుకోవాలి. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి ఉంది. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో అక్కడ ఓడలు కట్టేవాళ్లు, బాగుచేసేవాళ్లు. 1789లో, 1839లో వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని దెబ్బతీశాయి. ఓడలు కట్టే చోటు సరిగ్గా నదీముఖంలో ఎందుకుంది? ఎందుకంటే పైన భద్రాచలం అడవుల్లో టేకు ఉంది, మధ్యలో గోదావరి ఉంది. దుంగల్ని తెప్పలుగా కట్టి పాపికొండల మధ్యలోంచి రాజమహేంద్రవరం వైపు వదిలేవాళ్లు. రీగా కథే, గోదావరి యాసలో. టేకు ఓడ శరీరానికి గొప్ప కలప, కానీ కొయ్యకు బరువెక్కువ. అందుకే మన దేశంలో తెరచాప కొయ్యలకు పడమటి కనుమల్లో పెరిగే పూన్ చెట్టును వెతికేవాళ్లు. మన పొన్నచెట్టుకు చుట్టమే అది. తిన్నగా, ఎత్తుగా పెరుగుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ జీవితమంతా ఒక మాట మీద నిలబడ్డాడు. ఈ దేశానికి రైలు కన్నా కాలువ ముఖ్యం, బరువైన సరుకు నీటి మీద పోతే ఖర్చు చాలా తక్కువ అని. ప్రభుత్వం రైళ్ల వైపు మొగ్గింది. ఎవరు ఒప్పు అన్న చర్చ ఇంకో భాగంలో పెట్టుకుందాం. కానీ పొడవాటి దుంగ విషయంలో మాత్రం రైలు నిజంగా ఒక అద్భుతం చేసింది. ఇక్కడే మనం మొదలుపెట్టిన ప్రశ్న దగ్గరకు వస్తున్నాం.

మెయిన్ రాష్ట్రంలో పెద్ద తెల్ల పైన్ చెట్లు పంతొమ్మిదో శతాబ్దం గడిచేకొద్దీ అయిపోయాయి. అమెరికా స్వతంత్రమయ్యాక రాజుగారి బాణం గుర్తు లేదు, ఎవరికి వాళ్లే కొట్టుకున్నారు. ఇళ్లకు, పెట్టెలకు, ఫర్నిచర్‌కు, అన్నిటికీ అదే కలప. రాజు దాచిపెట్టిన చెట్లను ప్రజలు మిగల్చలేదు. ఇది కూడా ఒప్పుకోవాల్సిన నిజమే.

మరోవైపు 1883లో నార్తరన్ పసిఫిక్ రైలు మార్గం పూర్తయింది. పసిఫిక్ తీరం అడవులు తూర్పుకు కలిశాయి. కానీ ఆ రోజుల్లో రైలు వ్యాగన్ పొడవు మహా అయితే నలభై అడుగులు. 120 అడుగుల కొయ్యను దాని మీద ఎలా పెడతారు? మూడు వ్యాగన్లను వరసగా కలిపి పెడతారు. కొయ్య బరువంతా మొదటి వ్యాగన్ మీద, మూడో వ్యాగన్ మీద మాత్రమే ఆనుతుంది. మధ్య వ్యాగన్ ఖాళీగా కింద నడుస్తుంది. ఆ రెండు చోట్లా కొయ్య కింద తిరిగే దిమ్మ ఉంటుంది, తిరగలి రాయిలా. పట్టాలు మలుపు తిరిగినప్పుడు వ్యాగన్లు తిరుగుతాయి, దిమ్మలు తిరుగుతాయి, కొయ్య మాత్రం తిన్నగా ఉంటుంది. న్యూ ఇంగ్లండ్‌లో వంగని దుంగ కోసం దారిని తిన్నగా చేశారు. ఇక్కడ వంపు దారిలోనే వంగని దుంగను నడిపించారు. రైలు పట్టాల మలుపులు ఎలాగూ విశాలంగానే ఉంటాయి కాబట్టి సాధ్యమైంది.

దాంతో లెక్క తారుమారైంది. ఒకప్పుడు 72 ఎడ్లతో కొన్ని మైళ్లు లాగడానికి పడ్డ పాట్లు చూశాం. ఇప్పుడు 5,000 కిలోమీటర్ల అవతలి చెట్టు బాత్ ఊరి రేవుకు వస్తోంది. ఇంటి పక్క అడవి కన్నా రైలు దారి చివర ఉన్న అడవి దగ్గరైంది. దూరాన్ని మైళ్లలో కొలిస్తే ఈ సంగతి అర్థం కాదు. ఖర్చులో కొలిస్తే అర్థమవుతుంది.

ఇందులో ఒక ఎత్తిపొడుపు కూడా ఉంది. వయోమింగ్‌లాంటి ఓడలు బతికింది బొగ్గు మోసి. ఆ బొగ్గు రైళ్లకు, ఫ్యాక్టరీలకు, ఆవిరి ఓడలకు మేత. అంటే తెరచాప ఓడకు కొయ్యలు తెచ్చిన రైలు, తెరచాప ఓడ కాలాన్ని చివరికి తెచ్చింది కూడా. వయోమింగ్ 1924 మార్చిలో తుఫానులో మసాచుసెట్స్ తీరం దగ్గర మునిగిపోయింది. అందులో ఉన్నవాళ్లెవరూ బతకలేదు.

ఇప్పటి తెరచాప పడవల కొయ్యలు అల్యూమినియంవి, కార్బన్ ఫైబర్‌వి. తేలిగ్గా ఉంటాయి. కానీ పొడవు పొడవే. మామూలు పెద్ద కంటైనర్ 40 అడుగులు. కొయ్య అంతకు మించితే అందులో పట్టదు, ఇక ప్రత్యేక రవాణా, ప్రత్యేక అనుమతులు, ప్రత్యేక ఖర్చు. అందుకని చాలా కొయ్యల్ని రెండు ముక్కలుగా చేసి, లోపల ఒక గొట్టంలాంటి అతుకుతో కలుపుతారు. మేడ్ మాస్ట్ ఆలోచనే, కొత్త లోహంలో. ముక్క చేయలేనిదైతే అటు వెళ్లే ట్రైలర్ ఏదైనా ఖాళీగా తిరిగొస్తుందా అని చూస్తారు. మన లారీవాళ్ల భాషలో రిటర్న్ లోడ్. ఖాళీగా పోయే బండికి ఎంతొచ్చినా లాభమే కదా.

ఇదే సమస్య మన కళ్ల ముందు కూడా నడుస్తోంది. అనంతపురం, కర్నూలు కొండల మీద గాలిమరలు చూసే ఉంటారు. వాటి రెక్క ఒక్కోటి యాభై, అరవై మీటర్లు ఉంటుంది. హైవే మీద ఆ ట్రైలర్ వస్తుంటే ముందొక బండి, వెనకొక బండి, మలుపు దగ్గర ట్రాఫిక్ ఆపుతారు, అడ్డొచ్చిన కొమ్మలు కొడతారు, కరెంటు తీగలు పైకెత్తుతారు. గాలిని పట్టడానికి పొడవాటి వస్తువు కావాలి, ఆ వస్తువును మోయడానికి దారి కావాలి. మూడొందల ఏళ్లుగా అదే పాఠం.

మొత్తం మీద చూస్తే పొడవాటి వస్తువును చవకగా చేర్చడానికి మనిషి కనిపెట్టిన మార్గాలు నాలుగే. దారిని తిన్నగా చేయడం, నీటికి అప్పగించడం, వస్తువును ముక్కలు చేయడం, బండిని వంగేలా చేయడం. కానీ చవక అన్న ప్రతిచోటా ఒక ప్రశ్న వేసుకోవాలి. ఎవరికి చవక? రాజుగారికి కొయ్య చవగ్గా వచ్చినప్పుడు రైతు చెట్టు పోగొట్టుకున్నాడు, ఎద్దు మెడ పోగొట్టుకుంది. మోత ఖర్చు ఎప్పుడూ మాయమవదు. బిల్లులో కనపడకపోతే ఎవరి వీపు మీదో ఉంటుంది. ఆ వీపు తిరగబడిన రోజున రాజ్యాలు కదిలాయి.

మీ ఊరి ధ్వజస్తంభం ఏ అడవి నుంచి వచ్చింది, ఎవరు లాగారు, ఏ సందులో ఎవరి ప్రహరీ గోడ కొట్టాల్సి వచ్చింది అని పెద్దవాళ్లను అడిగి చూడండి. అది కూడా రవాణా చరిత్రే, ఇంకా ఎవరూ రాయనిది. తెలిస్తే మాకూ చెప్పండి.